కృప పెట్టిన పోటీ

కృపకు చిన్నప్పటి నుంచీ ఒక అలవాటుంది. ఇద్దరు మనుషులు గట్టిగా వాదించుకుంటుంటే ఆమె ఎవరి పక్షమూ చేరదు. అలాగని ఊరుకోనూ ఊరుకోదు. “ఎందుకు అరుచుకోవడం? చేసి చూద్దాం,” అంటుంది.

ఆరో తరగతిలో ఉండగా పామర్రు పక్కన వాళ్ళ పల్లెలో, వాళ్ళమ్మ అమలమ్మకీ మేనత్తకీ పెరుగు మీద పేచీ వచ్చింది. మట్టిముంతలో తోడేస్తేనే పెరుగు గడ్డలా వస్తుందని అమలమ్మ. స్టీలు గిన్నెకేం రోగమని మేనత్త. కృప ఒకే గేదె పాలు, ఒకే వేడి మీద ఉండగా రెండింట్లోనూ పోసి, ఒకే మజ్జిగ వేసి, వంటింటి గట్టు మీద పెట్టింది. తెల్లారి చూస్తే ముంత గెలిచింది. అమలమ్మ ఆ సంగతి వీధిలో చెప్పుకోవడానికి బయల్దేరుతుంటే కృప కొంగు పట్టుకుని ఆపింది.

“ఆగమ్మా. ముంతేమో పొయ్యి పక్కన ఉంది, గిన్నేమో కిటికీ దగ్గర ఉంది. చోట్లు మార్చి మళ్ళీ చూడాలి.”

“ఓసి నీ దుంపతెగ! గెలిచాక కూడా ఒప్పుకోవా?”

చోట్లు మార్చాక కూడా ముంతే గెలిచింది గాని, ఈసారి తేడా వేలితో నొక్కి చూస్తే తప్ప తెలియలేదు. అమలమ్మకు కాస్త చప్పగా అనిపించింది. కృపకు మాత్రం ఆ చిన్న తేడాయే ఎక్కువ సంతోషమిచ్చింది. ఎందుకంటే అది నిజమైన తేడా.

ఆ పిల్ల పెరిగి పెద్దదై, ఇంజనీరింగ్ చదివి, విజయవాడలో బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మిఠాయి కొట్టు పైనున్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరింది. డేటాబేస్ చూసుకోవడం ఆమె పని. డేటాబేస్ అంటే ఏమిటని చర్చిలో ఎవరైనా అడిగితే, “చెప్పింది మరిచిపోకుండా దాచిపెట్టి, అడగ్గానే తీసిచ్చేదండీ,” అనేది. “మా ఆయనకు సరిగ్గా వ్యతిరేకం” అని పక్కనే ఉన్న ఆరోన్‌ను చూపించేది. ఆరోన్ ఆటోనగర్‌లో లారీ విడిభాగాల షాపులో మేనేజరు. ఇంటికి తెమ్మన్న కొత్తిమీర తప్ప అన్నీ గుర్తుంటాయి ఆయనకు.

కంపెనీకి ఉన్న ఖాతాదారుల్లో పెద్దది ఒక పాల సంఘం. దాని ఆఫీసు హనుమాన్ జంక్షన్‌లో ఉంది. చుట్టుపక్కల ఊళ్ళల్లో పాల కేంద్రాలున్నాయి. పొద్దున్నే జనం కేన్లతో వస్తారు. పాలు తూకం వేసి, వెన్న ఎంతుందో మిషను మీద చూసి, ఆ వివరం హనుమాన్ జంక్షన్‌లోని సర్వర్‌కు పంపుతారు. సర్వర్ రాసుకుని “అందింది” అని తిరిగి కబురు పెడితేనే ఇక్కడ చీటీ బయటికొస్తుంది. ఊళ్ళు తక్కువగా ఉన్నన్నాళ్ళూ అంతా సాఫీగానే నడిచింది. ఊళ్ళు పెరిగేసరికి చీటీ కోసం ఎదురుచూపులు మొదలయ్యాయి. పొద్దున ఆఫీసు తలుపు తీయకముందే ఫోన్లు మోగేవి. ఆ ఫోన్లు ఎత్తే పని ఉషశ్రీది. “చూస్తున్నామండీ, ఇప్పుడే చూస్తున్నామండీ” అని చెప్పీ చెప్పీ, ఒకరోజు ఇంట్లో వాళ్ళాయన పేరు పెట్టి పిలిస్తే కూడా అదే మాట అనేసిందట.

అందరి ఫోన్లూ ఒక ఎత్తు, అమలమ్మ ఫోను ఒక ఎత్తు. ఆవిడా కేంద్రానికి పాలు పోసే మనిషే మరి.

“ఏమే కృపా, మీ కంప్యూటరు ఆవులిస్తందే పొద్దున్నే. దానిక్కూడా కాస్త కాఫీ పొయ్యకూడదా?”

“చూస్తున్నామమ్మా.”

“చూస్తానే ఉన్నారుగా పోయిన నెల నుంచీ! నా ముందు పదిమంది, నా ఎనక పదిమంది. నించోలేక కాళ్ళు పడిపోతన్నయ్.”

సంఘం వాళ్ళు చలికాలానికి ఇంకా కొన్ని ఊళ్ళు కలుపుతామన్నారు. గేదెలు ఎక్కువగా ఈని, పాలు పొంగి పొర్లే కాలం అది. ఈలోగా సర్వర్‌ను కొత్తగా కట్టుకోవాలి. ఎలా కట్టాలన్న దగ్గర ఆఫీసు రెండుగా చీలింది.

యజమాని తిరుపతిరావు గారు గన్నవరం వైపు రైతు కుటుంబం నుంచి వచ్చి, కంప్యూటర్ శిక్షణా కేంద్రంతో మొదలుపెట్టి, ఈ కంపెనీ స్థాపించిన మనిషి. ఆయనకు విండోస్ అంటే సొంత చేను గట్టు మీద నడిచినంత నమ్మకం. సిద్ధార్థ ఆయన దగ్గరే ప్రోగ్రామరు, కృప కంటే కాస్త చిన్నవాడు. అతనికి ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీదా, దాని మీద నడిచే జడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ మీదా పిచ్చి ప్రేమ. డిస్కు మీద ఏది ఎక్కడ పెట్టాలో, అడిగితే ఎలా వెతికి తేవాలో చూసుకునే ఏర్పాటే ఫైల్‌సిస్టమ్. గోడౌన్‌కు గుమాస్తా లాంటిది. గుమాస్తా చురుకైనవాడైతే బస్తా క్షణంలో దొరుకుతుంది.

“ఇన్నేళ్ళ నుంచి చూస్తున్నా నాయనా, మన వాళ్ళందరికీ అలవాటైంది విండోసే,” అనేవారు తిరుపతిరావు గారు టీ గ్లాసు ఊపుతూ.

“అలవాటు వేరు సార్, వేగం వేరు. జడ్‌ఎఫ్‌ఎస్ మీద పెట్టి చూడండి, ఎగిరిపోద్ది.”

“ఎగిరిపోతే మళ్ళీ పట్టుకొచ్చేదెవరు?”

ఈ వాదన టీ వేళకు మొదలై భోజనాల వేళకూ తెగేది కాదు. ఒకరోజు కృప తన గ్లాసు బల్ల మీద పెట్టి లేచింది.

“సార్, ఒక ఖాళీ మెషీన్ ఇప్పించండి. పోటీ పెడదాం.”

తిరుపతిరావు గారి మొహం వెలిగిపోయింది. సంక్రాంతి కోళ్ళను ఏనాడూ ముట్టుకోని మనిషే గాని, పోటీ అన్న మాట వింటే కృష్ణా జిల్లా రక్తం ఊరుకుంటుందా? “పెట్టమ్మా!” అన్నారు. “ఓడినవాళ్ళు బిర్యానీ పెట్టించాలి.”

పందేలు వేసుకున్నారు. విండోస్ తిరుపతిరావు గారిది. ఫ్రీబీఎస్‌డీ, జడ్‌ఎఫ్‌ఎస్ సిద్ధార్థవి. మిగిలింది లినక్స్ అనే మూడో ఆపరేటింగ్ సిస్టమ్. అందులో ఈఎక్స్‌టీ4 అని ఎప్పటి నుంచో ఉన్న సాదాసీదా ఫైల్‌సిస్టమ్ ఒకటుంది. దాన్ని ఎవరూ కోరుకోలేదు. ఉషశ్రీ చెయ్యెత్తి, “పాపం, దాన్ని నాకిచ్చేయండి,” అంది. లినక్స్ గురించి ఆమెకు పెద్దగా తెలియదు. ఎవరూ అడగని పెళ్ళికూతుర్ని చూసినట్టు జాలేసిందట. కృప ఎవరి పక్షమూ కాదు. ఆమె తీర్పరి.

మూడింటినీ మూడు మెషీన్ల మీద పెడితే తేడా మెషీన్లదో వాటిదో తెలియదు. అందుకని ఒకే మెషీన్, ఒకే డిస్కు. ఒకదాన్ని ఎక్కించి, పరుగు పెట్టించి, అంకెలు రాసుకుని, డిస్కు మొత్తం తుడిచి, మళ్ళీ మొదటి నుంచి ఇంకొకదాన్ని ఎక్కించడం. మూడింటి మీదా నడిచే డేటాబేస్ మాత్రం ఒకటే. ఎవరి సిస్టమ్‌ను వాళ్ళే అమర్చుకోవచ్చు. పరుగు మొదలయ్యాక మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. తిరుపతిరావు గారు తన వంతు వచ్చిన రోజు మెషీన్‌కు కుంకుమ బొట్టు పెట్టారు. “అభ్యంతరమా?” అని కృపను అడిగారు. “అందరికీ పెడితే అభ్యంతరం లేదండీ,” అంది కృప. దాంతో ఫ్రీబీఎస్‌డీకీ లినక్స్‌కూ కూడా ఆయనే బొట్టు పెట్టాల్సొచ్చింది.

తొలి అంకెలు చూస్తే నవ్వొచ్చింది. ఒకేదాన్ని పొద్దున నడిపితే ఒక అంకె, మధ్యాహ్నం నడిపితే ఇంకో అంకె. పరుగు మధ్యలో సిస్టమ్ తనంతట తాను ఏదో అప్‌డేట్ దింపుకోవడం, ఎవరో అదే నెట్‌వర్క్ మీద పెళ్ళి వీడియో కాపీ చేసుకోవడం. కృప ఒక్కొక్కటే కనిపెట్టి ఆపించింది. మొదటి పరుగు ఎప్పుడూ నెమ్మదిగానే ఉంటోందని గమనించి, దాన్ని లెక్కలోంచి తీసేసి, ఒళ్ళు వేడెక్కాక పరిగెత్తినవే పట్టుకుంది. పనిలో ఉన్నంతసేపూ సన్నగా కీర్తన ఏదో కూనిరాగం తీస్తుండేది. రాగం ఆగిందంటే అంకెలు ఎక్కడో తిరగబడ్డాయన్నమాటేనని ఉషశ్రీ కనిపెట్టేసింది.

అంకెలు కుదురుకున్నాక చూస్తే మూడూ ఇంచుమించు పక్కపక్కనే పరిగెత్తుతున్నాయి. కృప ఆ సంగతి ఇంటికెళ్ళి ఆరోన్‌కు చెప్పింది.

“ఇంతకీ ఏం లోడు వేసి పరిగెత్తిస్తున్నావు?” అన్నాడు ఆరోన్, తోటకూర కాడలు తుంచుతూ.

“అంటే?”

“కంపెనీవాడు చెప్పే మైలేజీ ఖాళీ రోడ్డు మీద, ఖాళీ బండితో. మా లారీలేమో ఇసుక లోడుతో, గోతుల్లో పోతాయి. నీ పరీక్షలో లోడు ఎవరిది?”

పరీక్ష కోసం కృప వాడింది అందరూ వాడే రెడీమేడ్ ప్రోగ్రామే. అది గడియారంలా టిక్కు టిక్కుమని సమానంగా పని పంపుతుంది. పాల కేంద్రం అలా ఉంటుందా? ఇన్నేళ్ళుగా ఆ సాఫ్ట్‌వేర్ చూసుకుంటున్నా, పొద్దున పూట కేంద్రంలో నిలబడి చూసింది లేదు. చిన్నప్పుడు ఊళ్ళో పాలు పోయించుకునే మనిషి ఇంటికే సైకిల్ మీద వచ్చేవాడు మరి.

ఆదివారం ఆరాధనకు ఊరు వెళ్ళే వంకతో శనివారమే అమ్మ దగ్గరకు చేరింది. తెల్లవారగానే అమలమ్మ కేను పట్టుకుంటే తానూ వెంట నడిచింది. వరి చేల మీద మంచు ఇంకా విడలేదు. కేంద్రం అంటే కాలవ గట్టు పక్కన రేకుల గది. దాన్ని నడిపేది ఇశ్రాయేలు. సన్నగా, పొడుగ్గా, మెడలో మఫ్లరుతో ఉంటాడు. అమలమ్మకు వరసకు మరిది.

“వందనాలు బాబాయ్.”

“వందనాలమ్మా. ఏంటీ, పెద్ద ఇంజనీరుగారే దిగొచ్చారు! ఇదుగో, ఈ స్టూలు మీద కూచో. కంప్యూటర్ని మాత్రం తిట్టమాక, అది నీ బిడ్డేగా.”

మొదట ఒకరూ ఇద్దరూ వచ్చారు. చీటీలు చకచకా వచ్చేశాయి. ఇక్కడేం ఇబ్బంది ఉందని కృప అనుకుంటుండగా కాలవ వంతెన అవతల పాలు తీసుకెళ్ళే వ్యాను హారన్ వినపడింది. అంతే. పళ్ళు తోముకుంటున్నవాళ్ళూ, గట్టు మీద కబుర్లాడుకుంటున్నవాళ్ళూ, ఇంకా గేదె పొదుగు దగ్గరే ఉన్నవాళ్ళూ కేన్లు ఊపుకుంటూ పరుగున వచ్చిపడ్డారు. గది ముందు తిరణాల అయింది. అప్పుడు మొదలైంది ఆవులింత. తూకం అయింది, వెన్న చూశారు, తెర మీద చక్రం తిరుగుతోంది, చీటీ రాదు.

“వ్యాను ఇక్కడికి వచ్చే వేళకే మిగతా ఊళ్ళకీ వస్తుందా బాబాయ్?”

“అన్నీ ఒక్కసారే బయల్దేరతయ్ కదమ్మా జంక్షన్ నుంచి. ఏ రూటు చూసినా ఇదే సంబరం.”

కృపకు గుట్టు తెలిసిపోయింది. గడియారంలా రాదు పని. హారన్ మోగేదాకా నిద్రపోతుంది, మోగాక వరదలా పడుతుంది. వరసలో ముందున్నవాళ్ళకు చీటీ త్వరగానే అందింది. చివరన నిలబడిన ముసలావిడకు మాత్రం ఎంతకీ రాలేదు. అందరి నిరీక్షణా కలిపి సగటు తీస్తే బాగానే కనపడుతుంది. ఆ ముసలావిడ సగటు మీద నిలబడలేదు, తన కాళ్ళ మీద నిలబడింది.

ఇంతలో కరెంటు పోయింది. కేంద్రంలో బ్యాటరీ ఉండబట్టి పని ఆగలేదు.

“ఇక్కడ పోతే ఫరవాలేదమ్మా,” అన్నాడు ఇశ్రాయేలు. “అప్పుడెప్పుడో జంక్షన్ ఆఫీసులో పోయింది చూడూ, అదీ బాధ. జనరేటర్ అందుకోలేదంట. నా చేత్తో ఇచ్చిన చీటీలు జనం దగ్గర ఉన్నయ్, కంప్యూటర్లో లేవు. చీటీ ఇచ్చామంటే మాట ఇచ్చినట్టే కదా. ఊరంతా నా మొహం వంక చూశారు.”

ఆ మాట చెప్పేటప్పుడు ఇశ్రాయేలు మఫ్లరు సర్దుకుని వేరే వైపు చూశాడు. ఇంటికి నడుస్తుంటే అమలమ్మే అంది. “ఆ రోజు మీ బాబాయి అన్నం తినలేదే.”

సోమవారం ఆఫీసుకు రాగానే కృప తన పరీక్షను మొత్తం మార్చి రాసింది. ఇప్పుడు పని నిమ్మళంగా మొదలై, ఒక్కసారి హారన్ మోగినట్టు విరుచుకుపడుతుంది. అంకెల్లో సగటుతో పాటు, వరసలో చివరి మనిషి ఎంతసేపు నిలబడిందో కూడా వస్తుంది. ఆ అంకెకు ఉషశ్రీ ‘అమలమ్మ అంకె’ అని పేరు పెట్టింది. ఈసారి లోడు వేరని, సిస్టమ్‌లను మళ్ళీ అమర్చుకోమని కృప అందరికీ చెప్పింది.

మొదట లినక్స్ పరిగెత్తింది. ఫరవాలేదనిపించింది. విండోస్ దాన్ని చాలా దూరం వెనక్కి నెట్టింది. తిరుపతిరావు గారు కుర్చీలోంచి లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్ళికొడుకు తండ్రిలా ఆఫీసంతా తిరిగారు. ఆయన అలా తిరుగుతుండగానే ఫ్రీబీఎస్‌డీ వంతు వచ్చింది. తెర మీద అంకెలు చూసి అందరూ నోరు తెరిచారు. విండోస్‌కు కూడా అందనంత ముందుంది. హారన్ మోగినా అసలు వరసే ఏర్పడటం లేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే చీటీ తీసుకుని పోతున్నారు.

“చెప్పానా! చెప్పానా లేదా!” సిద్ధార్థ కుర్చీ ఎక్కేశాడు. కిందనున్న మిఠాయి కొట్టువాళ్ళు పైకప్పు కూలుతోందేమోనని పైకొచ్చి చూసి వెళ్ళారు.

తిరుపతిరావు గారు పెద్దమనిషి. “ఒప్పుకున్నానయ్యా,” అని బిర్యానీకి ఫోను చేశారు. కృపకు కూడా సంతోషం ఆగలేదు. అమ్మకు ఫోను చేసి, “ఇంక ఆవులింతలుండవమ్మా, పట్టేశాం!” అనేసింది. “దేవుడికి స్తోత్రం” అంది అటునుంచి అమలమ్మ.

ఫోను పెట్టేశాక కృపకు ఇశ్రాయేలు మఫ్లరు సర్దుకున్న తీరు గుర్తొచ్చింది. కూనిరాగం ఆగింది. బిర్యానీ పొట్లాలు బల్ల మీదికి వచ్చాయి. మసాలా వాసన గదంతా కమ్మేసింది.

“సిద్ధూ, ఒక్క పరీక్ష మిగిలింది.”

“అక్కా, ముందు అన్నం తిననియ్యి అక్కా.”

“ఒక్క క్షణం పని. నేను పరుగు మొదలుపెడతాను. మధ్యలో నువ్వెళ్ళి మెషీన్ ప్లగ్గు పీకెయ్.”

“ప్లగ్గు పీకడమా! నడుస్తుండగానా?”

“కరెంటు పోయేటప్పుడు మనల్ని అడిగి పోతుందా?”

కృప పరుగు మొదలుపెట్టింది. పని పంపే మెషీన్ వేరే ఉంది. “అందింది” అని తనకు కబురొచ్చిన ప్రతి చీటీనీ అది విడిగా గుర్తు పెట్టుకుంటుంది. హారన్ మోగిన ఉధృతిలో కృప చెయ్యెత్తింది. సిద్ధార్థ కళ్ళు మూసుకుని ప్లగ్గు పీకాడు. ఫ్యాను చప్పుడు చచ్చిపోయింది. మళ్ళీ పెట్టి, మెషీన్ లేచాక, రెండు వైపుల లెక్కలూ పోల్చి చూశారు. అందాయని చెప్పిన చీటీల్లో, చివర వచ్చినవి చాలా కనపడలేదు. ప్లగ్గు పీకే ముందు కొద్ది క్షణాల చీటీలు గాలికి పోయాయి.

బిర్యానీ మీద ఎవరికీ ధ్యాస లేదు. సిద్ధార్థ కీబోర్డు ముందు కూలబడి, తాను పెట్టిన అమరికలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళి, ఒక చోట ఆగి, నుదురు కొట్టుకున్నాడు.

“అక్కా, పాపం దానిదేం తప్పు లేదు. వేగం కోసం ఇది నేనే మార్చాను. డిస్కు మీద రాయకుండానే ‘రాసేశాను’ అని చెప్పమన్నాను. వద్దని దాని పుస్తకంలోనే రాసుంది. తర్వాత మళ్ళీ మార్చడం మరిచిపోయాను.”

“అయితే గెలుపు నాదే!” తిరుపతిరావు గారు పొట్లం విప్పబోయారు.

“సార్,” అంది కృప. “మీదీ పీకాలి కదండీ.”

“పీకమ్మా, నాకేం భయం!”

విండోస్‌ను మళ్ళీ ఎక్కించి, ఆయన అమర్చినట్టే అమర్చి, పీకారు. అక్కడా చీటీలు పోయాయి. తిరుపతిరావు గారు నమ్మలేదు. రెండోసారి స్వయంగా పీకారు. మళ్ళీ పోయాయి. కృప డిస్కు అమరికలు తెరిచి చూపించింది. డిస్కు తన తాత్కాలిక మెమరీలో ఉన్నదాన్ని వెంటనే శాశ్వతంగా రాయనక్కర్లేదని చెప్పే గడిలో టిక్కు పెట్టి ఉంది. పక్కన హెచ్చరిక కూడా ఉంది.

“ఇది ఎవరు పెట్టారు?” అన్నారాయన.

అడిగిన మరుక్షణం ఆయనకే గుర్తొచ్చింది. శిక్షణా కేంద్రం రోజుల నుంచీ, కొత్త మెషీన్ పెట్టగానే ఆ గడిలో టిక్కు పెట్టడం ఆయనకు చెయ్యి అలవాటు. ఒక్క క్షణం ఆయన మొహం ఎర్రబడింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఆయన నవ్వుతుంటే సిద్ధార్థ, సిద్ధార్థను చూసి ఉషశ్రీ. చల్లారిన బిర్యానీ అందరూ ఒకే ఆకులో కలుపుకుని తిన్నారు.

“ఇద్దరం దొంగలమేనయ్యా!” అని సిద్ధార్థ వీపు చరిచారు తిరుపతిరావు గారు. “నా ఉషశ్రీ తల్లి ఒక్కతే నిజాయితీపరురాలు.”

“నాకు మార్చడం రాదు కాబట్టి మార్చలేదు సార్,” అంది ఉషశ్రీ ముక్క కొరుకుతూ.

ఆ తర్వాత కృప నియమం ఒకటి పెట్టింది. ఏ సిస్టమైనా ముందు ప్లగ్గు పరీక్షలో నెగ్గాలి. “అందింది” అన్న ఒక్క చీటీ పోయినా దాని వేగం లెక్కలోకి రాదు. అమరికలు సరిచేసి, అన్నింటినీ మళ్ళీ మొదటి నుంచి నడిపారు. ఈసారి మూడూ పీకుడుకు నిలబడ్డాయి. ఎగిరిపోయే వేగాలన్నీ నేల మీదికి దిగాయి. సగటు చూస్తే మూడింటికీ పెద్ద తేడా లేదు. అమలమ్మ అంకెలో మాత్రం తేడా కనపడింది. వరద విరుచుకుపడినప్పుడు, చివరి మనిషిని తక్కువసేపు నిలబెట్టింది ఈఎక్స్‌టీ4 మీదున్న లినక్స్.

“నా పెళ్ళికూతురు!” అని ఉషశ్రీ ఎగిరి గంతేసింది.

అంతటితో అయిపోలేదు. ఆవులింత తగ్గింది గాని పోలేదు. ఏం రాయబోతోందో డేటాబేస్ ముందుగా ఒక చిట్టాలో రాసుకుంటుంది. ఆ చిట్టాకు విడిగా ఇంకో డిస్కు ఇద్దామని సిద్ధార్థ అన్నాడు. ఒకేసారి వచ్చిన చీటీలను ఒక్కొక్కటిగా కాకుండా గుంపుగా రాయిద్దామని కృప అంది. తిరుపతిరావు గారు హనుమాన్ జంక్షన్ వెళ్ళి, సర్వర్‌కు మంచి బ్యాటరీ పెట్టించాలని సంఘం వాళ్ళతో పోట్లాడి ఒప్పించి వచ్చారు. ఒక్కొక్క మార్పూ విడివిడిగా చేసి, మళ్ళీ కొలిచి, మళ్ళీ ప్లగ్గు పీకారు. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అన్న తేడా కంటే ఈ మార్పులు తెచ్చిన తేడాయే పెద్దదిగా తేలింది. సంఘానికి ఇచ్చిన నివేదికలో కృప ఒక వాక్యం పట్టుబట్టి రాసింది. “ఇది మా మెషీన్ మీద, మీ పాల కోసం వచ్చిన ఫలితం. వేరే మెషీన్, వేరే పని అయితే మళ్ళీ కొలుచుకోవాలి.” దాన్ని చదివి సిద్ధార్థ, “అయితే జడ్‌ఎఫ్‌ఎస్‌కు ఇంకా అవకాశం ఉందన్నమాట,” అన్నాడు. మాట తప్పకుండా ఇంకో బిర్యానీ మాత్రం పెట్టించాడు, తిరుపతిరావు గారితో సగం సగం.

చలికాలం వచ్చింది. కొత్త ఊళ్ళు కలిశాయి. కొత్త సర్వర్ మీద తొలి పొద్దున కృప పల్లెలోనే ఉంది. ఇశ్రాయేలు పక్కన నిలబడింది. వంతెన అవతల హారన్ మోగింది. జనం విరుచుకుపడ్డారు. తూకం, వెన్న, చీటీ. తూకం, వెన్న, చీటీ. చక్రం తిరగడం మొదలుపెట్టే లోపే కాగితం బయటికొస్తోంది. ఇశ్రాయేలుకు చింపి ఇవ్వడానికే చేతులు చాలడం లేదు.

“కాస్త నెమ్మదిగా రానియ్యమ్మా, నా వేళ్ళు నొప్పెడతన్నయ్!” అన్నాడు నవ్వుతూ.

చివరన ముసలావిడ వచ్చింది. చీటీ చేతిలో పెట్టుకుని, ఇంత తొందరగా వచ్చింది తనదేనా కాదా అని రెండుసార్లు తిప్పి చూసుకుంది. అమలమ్మ ఆ పక్కనే కేను కడుక్కుంటూ కూతురి వంక చూసింది. తడిచేత్తోనే దాని బుగ్గ నిమిరింది. కృప చెంప మీద నీళ్ళూ పాలూ కలిసి చల్లగా తగిలాయి.

ఆ నెల్లోనే అమలమ్మ గేదె ఈనింది. ఆవిడ జున్నుపాలు కాచి, బెల్లం, మిరియాలు దట్టించి, పెద్ద గిన్నెకు గుడ్డ కట్టుకుని, పామర్రులో బస్సెక్కి నేరుగా బెంజ్ సర్కిల్ ఆఫీసుకు వచ్చేసింది. తిరుపతిరావు గారు లేచి తన కుర్చీ ఇచ్చారు.

“కూర్చోండమ్మా. మీ పేరు మా ఆఫీసులో రోజుకు ఎన్నిసార్లు తలుస్తామో మీకు తెలియదు.”

“నా పేరా? నేనేం చేశానండీ?” అని ఆవిడ తెల్లబోయింది. ఎవరు విప్పి చెప్పబోయినా కృప కళ్ళతోనే ఆపింది. తన పేరున ఒక అంకె ఉందంటే మళ్ళీ ఊరంతా చెప్పుకొస్తుంది.

అందరూ జున్ను చుట్టూ చేరారు. సిద్ధార్థ రెండోసారి గిన్నె చాచాడు. అంతలో ఫోను మోగింది. అలవాటు చొప్పున ఉషశ్రీ చెంచా పక్కన పెట్టి పరుగెత్తుకెళ్ళి ఎత్తింది. ఇశ్రాయేలు.

“చెప్పండి బాబాయ్ గారూ, ఏంటి సమస్య?”

“సమస్యేం లేదమ్మా,” అన్నాడాయన. “ఈ మధ్య ఫోను చెయ్యాల్సిన పనే పడట్లా. అందరూ కులాసాయేనా అని చేశాను.”

ఈ ఉద్యోగంలో చేరాక ఉషశ్రీకి ఇలాంటి ఫోను రావడం ఇదే మొదలు. “కులాసానే బాబాయ్ గారూ,” అంది. “జున్ను తింటున్నాం.” తర్వాత కుర్చీ లాక్కుని, స్థిమితంగా కూర్చుని, ఆయనతో చాలాసేపు కబుర్లు చెప్పింది.